రెండో గుట్ట

తరుణ్ పిలిచాడు. కొండమ్మ వెనక్కి తిరిగింది.

"చూశారా పున్నారావు గారూ! ఇంకేం కావాలి?" అంటూ తరుణ్ తలుపు దగ్గర్నించి గదిలోకి వచ్చాడు. పని అయిపోయినట్టు చేతులు రెండూ దులుపుకున్నాడు.

పున్నారావు అంతా చూశాడు. కొండమ్మ అతని బల్లకు ఎదురుగా, తలుపుకు వీపు పెట్టి నిలబడి ఉంది. తరుణ్ అలికిడి లేకుండా తలుపు తోసి, గడప మీదే ఆగి, పెదాలు సగమే విప్పి "కొండమ్మా" అన్నాడు. ఆమె తల తిప్పింది. చెవులు పోయాయని అర్జీ పెట్టుకున్న మనిషి అంత చిన్న పిలుపుకు తల తిప్పింది.

"నన్నేనా బాబూ పిలిచింది?" అంది కొండమ్మ, గది అదిరేటట్టు. ఆమె ఎప్పుడూ అంతే. స్పిన్నింగ్ హాల్లో ఏళ్ల తరబడి నిలబడినవాళ్ల గొంతులన్నీ అలాగే పెరిగిపోతాయి.

"నిన్నే. వినపడిందిగా. ఇక పో."

"ఏంది బాబూ?"

"పొమ్మన్నాను!" తరుణ్ చెయ్యెత్తి తలుపు చూపించాడు.

ఆమె పోలేదు. పున్నారావు వైపు తిరిగింది. తలకు చుట్టుకున్న గుడ్డ మీద, కనుబొమల మీద, చెవి తమ్మెల మీద దూది నూగు తెల్లగా పట్టి ఉంది. "అన్నా, నువ్వన్నా చెప్పు. నేను మిల్లును డబ్బులేం అడగలా. ఆ తూర్పు మూల ఫ్రేము నుంచి తీసి ప్యాకింగులో ఎయ్యమన్నా. మావోడు లారీ మీద పోతాడు. ఫోను చేస్తే మోగింది నాకు ఇనపడట్లా. ఆడు దోవలో ఏమైపోయాడోనని నేను, నేనేమైపోయానోనని ఆడు. ఏం బతుకన్నా ఇది?"

"చూద్దాంలే, వెళ్లు కొండమ్మా," అన్నాడు పున్నారావు. ఆమె అతని నోటివంకే చూసి, తల ఊపి వెళ్లిపోయింది.

తరుణ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిల్లు యజమానికి మేనల్లుడు. వచ్చి ఏడాది కాలేదు, మేనేజర్ అయ్యాడు. "'ఏంది బాబూ' అంట! ఏం నటన అండీ. ఇది ఆమె బుర్రలో పుట్టింది కాదు, వెనకాల ఆ ఫిట్టర్ బెంజిమిన్ ఉన్నాడు. ఫ్యాక్టరీల ఆఫీసుకు అర్జీ రాసింది వాడే. వచ్చే వారం ఆఫీసర్ వస్తున్నాడు. ఈలోగా హాలంతా మీటరు పెట్టి సౌండ్ కొలవండి. సగటు లిమిట్ లోపల ఉందని రిపోర్టు, ఆమె పిలిస్తే పలికిందని సాక్షి సంతకం. రెండూ మీ చేతి మీదే. అబద్ధపు కంప్లయింటని తేలిందంటే ఆమెని గేటు బయట పెట్టేస్తాం, ఇంకొకళ్లు నోరెత్తరు."

"కొలుస్తాను," అన్నాడు పున్నారావు. "కొలిచింది కొలిచినట్టే రాస్తాను."

"మీరు సరిగ్గా కొలుస్తారనేగా మీకిచ్చింది," అని తరుణ్ నవ్వి, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఇంకేదో అన్నాడు. అతని వీపు ఇటు ఉంది. తనకు వినపడకూడదనే అటు తిరిగి అన్నాడని పున్నారావుకు అనిపించింది.

ఈ మధ్య అందరూ అంతే. మనుషులు గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు. తను రాగానే క్యాంటీన్లో మాటలు సన్నబడతాయి. మీటింగుల్లో బల్ల చివర కూర్చున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మిల్లు పెట్టిన కొత్తలో మెయింటెనెన్సు ఇంజినీరుగా చేరాడు, ఇక్కడి ప్రతి బేరింగూ తన చేతిమీదుగా పోయింది. అలాంటి తన దగ్గర ఏదో దాస్తున్నారు. ఏం దాస్తున్నారో తేలక అతనిలో అది చిన్న ముల్లులా గుచ్చుతోంది.

*

మర్నాడు షిఫ్టు మొదలు కాకముందే హాలు నేలంతా సుద్దముక్కతో గళ్లు గీయించాడు. ఒక్కో గడి మధ్యలో మూడు కాళ్ల స్టాండు, దాని మీద నిలబడ్డ మనిషి చెవి ఎత్తులో మీటరు. మీటరు మూతికి నల్ల స్పంజి బంతి తొడిగాడు, ఫ్యాన్ల గాలి కొట్టకుండా. దాన్నక్కడ పెట్టి తను పక్కకు జరిగేవాడు. అది సెకనుకొక అంకె పట్టుకుని దాచుకునేది. కొంతసేపయ్యాక స్టాండు ఎత్తి పక్క గడిలో పెట్టేవాడు.

ఈ పని అతనికి ఇష్టమైన పని. చప్పుడంటే జనం ఒక అంకె అనుకుంటారు. నిజానికది ఒక గుంపు. ఒకే చోట, ఒకే యంత్రం, ఒక్క క్షణం ఉన్నట్టు మరుక్షణం ఉండదు. ఆ అంకెలన్నీ లాప్‌టాప్‌లో పోసి, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో పేరిస్తే ఒక గుట్ట లేస్తుంది. నడుమ ఎత్తుగా, అటూ ఇటూ వాలుగా. గుట్ట ఎక్కడ లేచింది, ఎంత వెడల్పు పరుచుకుంది అని చూస్తే ఆ యంత్రం మనసు తెలుస్తుంది. అరిగిన బేరింగు గుట్టను వెడల్పు చేస్తుంది. వదులైన బెల్టు వాలును పొడుగు చేస్తుంది. మనుషుల్ని ఇలా పేర్చి చూసే వీలుంటే ఎంత బాగుండును అనుకునేవాడు.

మధ్యాహ్నం దాకా అన్ని గళ్లలోనూ బుద్ధిగా ఒక్కొక్క గుట్టే లేచింది. ఎనభై ఎనిమిది డెసిబెల్స్ దగ్గర. చట్టం పెట్టిన గీత తొంభై. తరుణ్ ఇది చూస్తే ఇక్కడితో ఆపేయమంటాడు.

చివర మిగిలింది తూర్పు మూల, కొండమ్మ నూలు వడికే ఫ్రేము. గోడ అవతల కంప్రెసర్ గది. గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లను అప్పుడప్పుడు బయటికి తోసే వాల్వు ఒకటి ఉంది. దాని పైపు గోడలోంచి ఇవతలికి వచ్చి మూలనున్న కాలువలోకి వంగి ఉంటుంది. కొండమ్మ ఆ పైపు ముందు నుంచి ఫ్రేము పొడవునా అటూ ఇటూ నడుస్తూ, తెగిన దారాల్ని అతుకుతూ ఉంది. వేలితో కండెను ఆపి, కొస పట్టి, పైకి అందించి వదిలేస్తుంది. రెప్పపాటు పని. ఆమె చూపు దారాల మీద ఉంటుంది కానీ, స్టాండు దగ్గర అతని నీడ కదిలితే ఆమె తల కూడా కదిలేది.

ఆ గడి అంకెలు పేర్చినప్పుడు పున్నారావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

రెండు గుట్టలు.

మొదటిది అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది. దానికి దూరంగా, కుడివైపు, మధ్యలో ఖాళీ వదిలి, వంద దగ్గర ఇంకో చిన్న గుట్ట. ఎడ్లపాడు రోడ్డు మీద నుంచి చూస్తే కొండవీడు కొండల వరసకు ఎడంగా ఒంటరిగా కనిపించే బోడిగుట్టలా ఉంది. మీటరు చప్పుడును, మోత లాంటి లావు ధ్వనులు ఒక పట్టీ, కూత లాంటి సన్న ధ్వనులు ఒక పట్టీ అని విడదీసి కూడా చూపిస్తుంది. రెండో గుట్ట మొత్తం సన్న పట్టీలోనే ఉంది.

ఒక యంత్రం ఒక గుట్ట పోస్తుంది. రెండోది మనిషి పని. ఎవరో మీటరు దగ్గర్లో ఇనుము మీద ఇనుము కొడుతున్నారు. కొలిచే రోజు చూసుకుని, కొలిచే మూల చూసుకుని, అంకె పెరిగేటట్టు కొడుతున్నారు.

వాల్వు సంగతి గుర్తు రాకపోలేదు. కానీ దాని చప్పుడు తనకు తెలియదా? తనే బిగించిన వాల్వు. 'తుస్' మని, సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టుంటుంది. దానికి వంద వస్తుందా?

కొట్టింది ఎవరో వెతకాల్సిన పని కూడా లేదు. ఆ మూల ఎప్పుడూ రెంచి పట్టుకుని తిరిగేది ఒక్క బెంజిమినే.

*

చిలకలూరిపేటలో ఇల్లు చేరేసరికి హైమావతి వంటింట్లో ఫోను మాట్లాడుతోంది. వీపు ఇటు, మొహం కిటికీకి. మాటలు గొణుగుడులా వస్తున్నాయి.

"ఎవరు?" అన్నాడు.

ఆమె ఏదో అంది.

"ఎవరంటే?"

"ఏమీ లేదులే," అంది ఈసారి ఇటు తిరిగి. ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. ఆ మాట ఎప్పుడూ స్పష్టంగానే వినపడుతుంది. ఏమీ లేనిదానికి అటు తిరిగి మాట్లాడటం ఎందుకు?

అతను టీవీ ముందు కూర్చున్నాడు. ఈ టీవీ కొన్నప్పటి నుంచీ స్పీకరు సరిలేదు. గొంతులు వస్తాయి కానీ మాటలు తేలవు. సౌండు పెంచాడు. హైమావతి బట్టలు తీసుకురావడానికి డాబా మీదకి వెళ్తూ వంటింటి వైపు వేలు చూపించి ఏదో చెప్పింది. అతను తల ఊపాడు.

కాసేపటికి ఆమె బట్టల కుప్ప గుండెలకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది. ఇల్లంతా మాడు వాసన. "కుక్కరు అంతలా మొత్తుకుంటుంటే కట్టెయ్యలేరా? డాబా మీదకి వినపడుతోంది నాకు. చెప్పి మరీ పోయానుగా!"

"ఒక్క కూత కూడా రాలేదు," అన్నాడు పున్నారావు. నిజమే చెప్పాడు. ఆమె అతనివంక వింతగా చూసింది. ఆ చూపులో కోపం కంటే వేరే ఏదో ఉంది. జాలి లాంటిది. తనను జాలిగా చూడాల్సినంత పని ఈమె ఏం చేసిందా అని అతను చాలాసేపు ఆలోచించాడు. ఫోనులో మాట్లాడింది తన గురించేనని రూఢి చేసుకున్నాక గానీ నిద్ర పట్టలేదు.

*

మరుసటి రోజు మీటరును మళ్లీ తూర్పు మూలే పెట్టాడు. ఈసారి పక్కకు జరగలేదు. స్టాండు పక్కనే, చెయ్యి చాపితే కొండమ్మ భుజం అందేంత దగ్గరగా నిలబడ్డాడు. కళ్లు మీటరు మీద, కొండమ్మ చేతుల మీద.

ఎనభై ఎనిమిది. ఎనభై ఏడు. ఎనభై తొమ్మిది.

హాలు హోరు ఒంట్లోకి ఎక్కి మోకాళ్ల దాకా దిగుతోంది. ఇక్కడ గొంతుతో ఎవరూ మాట్లాడరు. పెదాలు పెద్దగా విప్పి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. దాన్ని మిల్లు మాట అంటారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు మొదట్లో తికమకపడి, ఒకటి రెండు పండగలు తిరిగేసరికి ఫ్రేముకు ఆ కొస నుంచి ఈ కొసకు అత్తల మీద చాడీలు చెప్పుకునే స్థితికి వస్తారు. పున్నారావుకు మిల్లు మాట బాగా వచ్చు. అతనున్నాడని తెలిసినవాళ్లు మొహం తిప్పుకునేది అందుకే.

తొంభై తొమ్మిది.

అంకె ఎగిరింది. అక్కడే నాలుగు లెక్కపెట్టేంతసేపు నిలబడి, మళ్లీ పడిపోయింది.

అతను చెవులు రిక్కించే ఉన్నాడు. ఇనుము మోగలేదు. ఏదీ మోగలేదు. కాలువ దగ్గర 'తుస్' మన్నట్టుంది, అంతే. కొండమ్మ వైపు చూశాడు. ఆమె తెగిన కొసను పట్టుకుని అతుకుతోంది. భుజం కూడా కదల్లేదు.

అదీ సంగతి! ఇంత చప్పుడు నిజంగా వచ్చి ఉంటే ఆమె ఉలిక్కిపడొద్దా? చెవులు మూసుకోవద్దా? చప్పుడే లేదు, అంకె మాత్రం ఉంది. అంటే మీటరుతోనే ఏదో చేశారు. ఆమెకు ఆ సంగతి తెలుసు, అందుకే నిబ్బరంగా ఉంది.

పక్క ఫ్రేము దగ్గర మున్నీ అతన్ని చూసి, అటు పక్క పిల్లతో పెదాలు కదిపి నవ్వింది. అతను పట్టేశాడు. 'శంఖం' అంది. చెవిటివాడి ముందు శంఖం. మోసం చేస్తున్నది చాలక తనెదుటే ఎగతాళి కూడానన్నమాట.

మీటరును గదిలోకి తీసుకుపోయి, సరిచూసే డబ్బా తగిలించాడు. ఆ డబ్బా ఎప్పుడూ ఒకే ధ్వని, ఒకే ఎత్తులో ఇస్తుంది. మీటరు ఆ ధ్వనిని అణువు తేడా లేకుండా చూపించింది. మీటరు మంచిదే. అయితే అనుమానం మళ్లీ మనిషి మీదికే వచ్చింది.

బెంజిమిన్‌ను పిలిపించాడు. అతను గ్రీజు చేతుల్ని గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. రెంటచింతల మనిషి, ఎండకు కాలిన మొహం, కళ్లలో ఎప్పుడూ ఒక ఆట.

"తూర్పు మూల ఏం చేస్తున్నావు?"

"బెల్టు మారుస్తన్నా సార్. మీరేగా మార్చమంది."

"బెల్టు మారిస్తే వంద డెసిబెల్స్ వస్తుందా? నిజం చెప్పు. రెంచి పెట్టి పైపు మీద కొడుతున్నావా?"

బెంజిమిన్ తుడుచుకుంటున్న గుడ్డను భుజాన వేసుకున్నాడు. "మీరు పక్కనే నిలబడ్డారుగా సార్. కొడితే మీకు ఇనపడదా?"

పున్నారావు బల్ల మీది మీటరును అటూ ఇటూ తిప్పాడు.

"ఇనపడకుండా కొట్టే ఇద్దె నాకు రాదు సార్," అన్నాడు బెంజిమిన్ మెత్తగా. "అర్జీ రాసింది నేనే, దాచటంలా. కొండమ్మత్త మా అమ్మ ఈడుది. మొన్న దూది బండి ఎనక నుంచి వచ్చి గుద్దితే పడింది. తోసేవాడు 'జరుగు జరుగు' అని గొంతు చించుకున్నాడు. పైగా అడ్డం నిలబడిందని తప్పు ఈమె మీదే రాశారు. అది చూడలేక రాశా. అంతేగానీ మీ మీటరు జోలికి నేనెందుకు పోతా?"

చివరి మాటలు బెంజిమిన్ తల దించుకుని అన్నాడు. పున్నారావుకు 'మీటరు' ఒక్కటే అందింది. దొంగ కాకపోతే తల దించుకోవడం ఎందుకు?

"సీసీ కెమెరా ఉంది," అన్నాడు. "చూస్తాను."

"సూడండి సార్. నేను కూడా అదే అడగబోతన్నా."

*

గేటు పక్క సెక్యూరిటీ గదిలో అల్తాఫ్ టీ తాగుతున్నాడు. పున్నారావును చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. తూర్పు మూల కెమెరా, ఇవాళ పొద్దుటి షిఫ్టు కావాలన్నాడు పున్నారావు. మీటరులో అంకె ఎగిరిన వేళలు దగ్గరున్నాయి. అల్తాఫ్ బొమ్మను అక్కడికి జరిపాడు.

శబ్దం లేని బొమ్మ. హోరు లేకుండా చూస్తే హాలు నీళ్లలో మునిగిన ఊరులా ఉంది. ఫ్రేముల మధ్య మనుషులు చేపల్లా మసలుతున్నారు. బెంజిమిన్ ఎక్కడున్నాడో వెతికాడు. దూరంగా, స్తంభం దగ్గర నిచ్చెన మీద, బెల్టు కవరు విప్పుతూ ఉన్నాడు. రెండు చేతులూ కవరు మీదే ఉన్నాయి.

అంకె ఎగిరిన క్షణం వచ్చింది.

మూల కాలువ దగ్గర పైపు మూతి నుంచి తెల్లని ఆవిరి పిచికారీలా చిమ్మింది. ఆ క్షణానే బొమ్మలోని మనుషులందరూ ఒక్కసారి ముడుచుకుపోయారు. మున్నీ చేతిలో కండె వదిలేసి కొంగు చెవికి అదుముకుంది. దూది బండి తోసేవాడు తలను భుజాల్లోకి దించుకున్నాడు. నిచ్చెన మీద బెంజిమిన్ ఒక చెవిని భుజానికి నొక్కిపెట్టుకుని మొహం చిట్లించాడు. ఎండిన చేలో గాలి పోయినట్టు ఆ వంపు వరస పొడవునా పాకింది.

ఇద్దరు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నారు.

"ఈళ్లిద్దరూ ఎవరు సార్, రాళ్లా? ఏం చలనం లేదు," అని అల్తాఫ్ నవ్వి, తెర దగ్గరికి వంగాడు. నవ్వు ఆగిపోయింది. "కొండమ్మ ఒకత్తి. ఇంకొకళ్లు... మీరే సార్."

పున్నారావు కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. "మళ్లీ పెట్టు," అన్నాడు.

మళ్లీ ఆవిరి చిమ్మింది. మళ్లీ అందరూ వంగారు. మళ్లీ ఆ ఇద్దరూ, ఒకరు దారం అతుకుతూ, ఒకరు మీటరు చూస్తూ, పక్కపక్కనే, ఏ గాలీ తగలని రెండు గుంజల్లా. ఇంకో వేళ చూపించమన్నాడు. అక్కడా అంతే. నిన్నటిది పెట్టమన్నాడు. నిన్న తను దూరంగా ఉన్నాడు, కానీ వంగనివాళ్లలో నిన్న కూడా ఉన్నాడు.

"అల్తాఫ్, ఆ వాల్వు చప్పుడు నీకిక్కడికి వస్తుందా?"

"రాకేం సార్. ఈలేసినట్టు సన్నగా వస్తద్ది. పళ్లు జివ్వుమంటయి. చానా రోజుల నుంచీ ఉందిగా. మీకు తెలుసనుకున్నా."

"ఎప్పుడైనా నాకు చెప్పారా ఎవరైనా?"

అల్తాఫ్ గ్లాసు కింద పెట్టాడు. "క్యాంటీన్లో చాలా తూర్లు అన్నారు సార్ మీతో. మీరు 'చూద్దాంలే' అనేవారు. ఇనపడిందనే అనుకున్నారు అందరూ."

బయటికి వచ్చి వేపచెట్టు కింద స్కూటర్ల పక్కన నిలబడ్డాడు పున్నారావు. హైవే మీద లారీలు పోతున్నాయి. వాటి మోత వినపడుతోంది. మోతలన్నీ వినపడుతున్నాయి. చెట్టు మీదికి చూశాడు. కొమ్మల్లో గోరింకలు ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఆ చెట్టు కింద పిట్టల గోల ఉండేదన్న సంగతి అతనికి ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. ఆగిపోయిందని కూడా తెలియలేదు. లోకం తన దగ్గర గొంతు తగ్గించిందనుకున్నాడు. క్యాంటీనూ, హైమావతీ, బల్ల చివరి మనుషులూ, టీవీ స్పీకరూ, ఒక్కొక్కరి మీదా ఒక్కొక్క నేరం మోపుతూ వచ్చాడు. అన్ని నేరాలకూ సాక్షి ఒక్కడే. ఆ సాక్షిని మాత్రం ఏనాడూ డబ్బా తగిలించి సరిచూడలేదు.

తరుణ్ పిలిచిన రోజు గుర్తొచ్చింది. తరుణ్ పెదాలు కదిలాయి. తను వాటినే చూశాడు. మరి కొండమ్మ దేన్ని చూసింది? ఆమెకు ఎదురుగా ఉన్నది తను. ఆమె వీపు వెనక తలుపు తెరుచుకుంటే తన కళ్లు ఆమె భుజం మీదుగా అటు పోయి ఉంటాయి. ఆమె ఆ కళ్లనే విన్నది.

*

తరుణ్ గదిలో ఏసీ గుర్రుమంటోంది. బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను సిద్ధంగా ఉన్నాయి. పున్నారావు కోరిక మీద కొండమ్మనూ బెంజిమిన్‌నూ కూడా పిలిపించారు. వాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. వాళ్లు ఎందుకని తరుణ్ అడిగితే "ఉండనివ్వండి" అన్నాడు పున్నారావు.

"సరే, రిపోర్టు చెప్పండి. సగటు ఎంతొచ్చింది?"

"హాలు సగటు తొంభై లోపలే."

"ఇంకేం! అదే రాయండి."

"సగటు దగ్గర ఎవరూ నిలబడి లేరు తరుణ్ బాబూ. మనుషులు గళ్లలో నిలబడి ఉన్నారు." లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "ఇది కొండమ్మ గడి. రెండు గుట్టలున్నాయి. రెండోది వాల్వుది. చప్పుడు మింగే మూత ఊడిపోయి చాలా కాలమైంది. చూసుకోవాల్సింది నేనే. ఈ బొమ్మే రిపోర్టులో పెడుతున్నాను, సగటు కాదు."

తరుణ్ బొమ్మను చూశాడు, తర్వాత అతన్ని. "వాల్వుకి మూత బిగించండి. ఆఫీసర్ వచ్చేసరికి గుట్టా ఉండదు, గొడవా ఉండదు. కానీ ఈమె సంగతి వేరు. ఈమె వింటోంది. నేను పిలిచాను, పలికింది. మీ కళ్లతో మీరు చూశారా లేదా?"

"చూశాను."

"మరి సంతకం పెట్టండి."

కాగితం ఇటు జరిగింది. కొండమ్మ ఆ కాగితాన్ని చూస్తోంది. ఆమె కుడిచేతి వేళ్లు చీర కుచ్చిళ్ల మీద, లేని దారాన్ని అతుకుతున్నట్టు కదులుతున్నాయి.

పున్నారావు పెన్ను ముట్టుకోలేదు. లేచాడు. "ఆ రోజు ఎలా పిలిచారో అలాగే నన్నొకసారి పిలవండి. అంతే గొంతు, అంతే దూరం. నేను అటు తిరిగి నిలబడతాను. పలికితే పెడతాను సంతకం."

"ఏంటండీ ఇది, పిల్లలాటా?"

"మీటరును రోజూ సరిచూస్తాను బాబూ. సాక్షిని కూడా ఒకసారి చూద్దాం."

గదిలో అద్దం లేని గోడ కోసం వెతికాడు. క్యాలెండరు పక్కన కొద్దిగా ఖాళీ సున్నం ఉంది. దాని ముందుకు వెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. గోడలోంచి హాలు హోరు నుదుటికి సన్నగా తగులుతోంది. వెనకాల ఏసీ.

ఎదురుచూశాడు.

తరుణ్ పిలవట్లేదు. తనను ఆట పట్టించాలని చూస్తున్నాడేమో. లేదా ఫోనులో మేనమామకు మెసేజ్ పెడుతున్నాడేమో, ఈయన బుర్ర కూడా పోయిందని. బెంజిమిన్ నవ్వుకుంటున్నాడేమో. పాత అలవాటు ప్రకారం అనుమానాలు ఒక్కొక్కటే వచ్చి వీపు మీద వాలుతున్నాయి. అతను వాటిని దులపలేదు. వాలనిచ్చాడు. సున్నం మీద ఒక చిన్న పగులు ఉంది. దాని కొసదాకా చూపుతో నడిచి వెనక్కి వచ్చాడు. ఇంకా ఎవరూ పిలవలేదు.

"ఏం తరుణ్ బాబూ, పిలవరేం?" అంటూ తిరిగాడు.

తరుణ్ నోరు ఇంకా సగం తెరుచుకునే ఉంది. బెంజిమిన్ నేల చూస్తున్నాడు. తరుణ్ చెయ్యి బల్ల మీదికి మెల్లగా పోయి, టైపు చేసిన కాగితాన్ని తన వైపు లాక్కుని, మధ్యకు మడిచింది.

కొండమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. హాల్లో ఫ్రేము ఆ కొస నుంచి మాట్లాడే తీరులో, గొంతు లేకుండా, పెదాలు నిండుగా విప్పి, వేళ్లు ఎత్తి చూపిస్తూ అతనికి చెప్పింది:

"పిలిచాడన్నా. మూడు తూర్లు."

పున్నారావు తల ఊపాడు. అతను కూడా గొంతు లేకుండానే అడిగాడు: "నీకు వినపడిందా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, తన కళ్లు చూపించింది.